మంచు అన్నాడు, పొగమంచు అనుకున్నాను: బనిహాల్ ఎత్తులో 31 గంటలు నిలిచిపోయిన ఖాళీ లారీ కథ

రావులపాలెంలో లారీలు పంపే పని నాది. ఊరికి అటు జొన్నాడ దగ్గర గౌతమి వంతెన, ఇటు సిద్ధాంతం దగ్గర వశిష్ఠ వంతెన. ధనుర్మాసం మొదలైందంటే తెల్లవారుజామున ఆ రెండు వంతెనలూ కనపడవు. అర్ధరాత్రి దాటాక కాలవల మీద, చేల మీద, రొయ్యల చెరువుల మీద మంచు లేస్తుంది. తెల్లారేసరికి ముద్దలా కమ్ముకుంటుంది. ఎండ ముదిరాక, తొమ్మిదింటికి అటూఇటుగా విడిపోతుంది. పందొమ్మిదేళ్ళుగా ఈ నెలల్లో పొద్దున్నే ఫోనులో నేను చెప్పే మాట ఒక్కటే: "తొమ్మిదింటికి విడిపోద్ది, లైట్లేసుకుని మెల్లగా పోనీ."

రెండేళ్ళ కిందట, కనుమ వెళ్ళిన వారానికి, అదే మాట చెప్పకూడని చోట చెప్పాను. బండి పోలేదు, మనిషి పోలేదు. నాలుగు రోజులు, ఒక తిరుగు కిరాయి పోయాయి. మన జిల్లాల నుంచి ఉత్తరాదికి కొబ్బరికాయ, అరటి, చేప తోలే ఆఫీసుల్లో ఇదే తప్పు ఎవరైనా చెయ్యొచ్చు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

బండి, మనిషి, లోడు

పన్నెండు టైర్ల బండి, లిఫ్ట్ యాక్సిల్ (ఖాళీగా పోయేటప్పుడు పైకి ఎత్తి పెట్టే ఇరుసు) ఉన్నది. అంబాజీపేటలో పీచు తీసిన కొబ్బరికాయ ఎత్తుకుని జమ్ములో ఒక మండీకి వెళ్ళింది. ఇక్కడి నుంచి దాదాపు 2500 కిలోమీటర్లు. హైదరాబాద్ చేరాక 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుంటే నాగపూర్, ఢిల్లీ మీదుగా అదే రోడ్డు జమ్ము దాకా, ఆపైన బనిహాల్ కొండల మీదుగా శ్రీనగర్ దాకా పోతుంది. దేశంలోకెల్లా పొడవైన రోడ్డు. నక్షలో ఒకే గీత. మా పొరపాటులో సగం ఆ గీతదే: హైదరాబాద్ రోడ్డూ అదే, బనిహాల్ రోడ్డూ అదే అన్నట్టు చూశాం.

డ్రైవరు యాభై దాటిన మనిషి, ఆలమూరు వైపు వాడు. నాకు వరసకి బాబాయి అవుతాడు. జమ్ము దాకా నాలుగైదు సార్లు వెళ్ళొచ్చాడు గానీ శీతాకాలంలో కొండ ఎక్కలేదు. క్లీనరు కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. రాజమండ్రి దాటి చలి అంటే ఏమిటో వాడికి తెలియదు.

జమ్ములో కాయ దించాక బ్రోకరు ఒక లోడు చూపించాడు. బనిహాల్ అవతల ఖాజీగుండ్ దాటాక, కశ్మీర్ లోయలో, శీతల గిడ్డంగిలో ఉన్న ఆపిల్. రెండు రోజుల్లో ఎత్తుకోవాలి. కిరాయి బాగుంది. జమ్ము నుంచి ఖాళీగా రావడం కన్నా నయం అనుకుని నేనే సరేనన్నాను. శ్రీనగర్‌లో డిసెంబర్ 21 నుంచి నలభై రోజులను చిల్లై కలాన్ అంటారు, ఏడాదిలో అంతకన్నా గట్టి చలి ఉండదు. ఆ మాట నాకు ఆ తర్వాత తెలిసింది. జనవరిలో మూడో వారం అంటే దాని నడిబొడ్డున ఖాళీ లారీని కొండెక్కించానన్నమాట.

ఆ నలభై సెకన్ల ఫోను

వేరే రాష్ట్రపు ప్రీపెయిడ్ సిమ్ జమ్ము కశ్మీర్‌లో పనిచెయ్యదు. లఖన్‌పూర్ సరిహద్దు దాటగానే ఫోను మూగబోతుంది. పోస్ట్‌పెయిడ్ అయితేనే మోగుతుంది. మా బాబాయిదీ ప్రీపెయిడే, క్లీనరుదీ ప్రీపెయిడే. జమ్ములో ఉన్నంతసేపు బ్రోకరు ఫోనులో మాట్లాడారు. కొండ మొదలయ్యాక ఎవరో ఒకరి దగ్గర అడిగి తీసుకుని చెయ్యడమే.

ఆ రోజు పొద్దున్న 6 గంటల 10 నిమిషాలకి తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది. చెనానీ–నశ్రీ సొరంగం దాటి, రాంబన్ చేరే ముందు, ఒక దాబా దగ్గర బండి ఆపుకుని ఎవరో పంజాబీ డ్రైవరు ఫోను తీసుకుని చేశాడు. వెనకనుంచి హిందీలో తొందరపెడుతున్నారు.

"పైన మంచంటండి. ఎల్లమంటారా, ఆగమంటారా?"

ఆ క్షణానికి నేను ఆఫీసు అరుగు మీద నిలబడి ఉన్నాను. ఎదురుగా రోడ్డు కనపడట్లేదు. అప్పటికే తణుకు దగ్గర ఉన్న బండికి, జొన్నాడ అవతల ఉన్న బండికి చెప్పిన మాటే నోట్లో ఆడుతోంది.

"తొమ్మిదింటికి విడిపోద్ది బాబాయ్. లైట్లేసుకుని మెల్లగా పోనీ."

"ఆయ్."

ఫోను పెట్టేశాడు.

మన గోదావరి 'ఆయ్' గురించి ఇక్కడో మాట చెప్పాలి. విన్నానండి అన్నదానికీ అదే, ఒప్పుకున్నానండి అన్నదానికీ అదే, మీరు చెప్పాక ఇంకేముందండి అన్నదానికీ అదే. దాబా దగ్గర నలుగురు డ్రైవర్లు ఆగిపోదాం అంటుంటే విని, అనుమానం తీర్చుకోవడానికి ఫోను చేశాడట. ఆఫీసువాళ్ళు పొమ్మన్నారు కాబట్టి పోయాడు. "మీకు టీవీలో తెలుస్తది గదా అనుకున్నానండి" అన్నాడు తర్వాత.

తెలుగులో ఒక్క మాటే. చిన్నప్పుడు రాత్రిపూట అరుగు మీద కూర్చుంటే "మంచు పడుతోంది, లోపలికి రా" అని అమ్మ కేకేసేది, అది ఒక మంచు. తెల్లారి కొబ్బరి ఆకుల చివర నిలిచే బొట్టు మంచే. వంతెన మింగేసేదీ మంచే. కశ్మీర్‌లో దూదిపింజల్లా దిగి అడుగు మందాన పేరుకునేదీ మంచే. పుస్తకాల్లో హిమం, తుషారం అని వేరే పేర్లున్నాయి గానీ లారీ డ్రైవరు హిమపాతం అనడు. నాకు తెలిసిన మంచు ఒకటి, వాడు చూస్తున్న మంచు ఇంకొకటి, నలభై సెకన్లలో ఆ తేడా బయటపడలేదు.

పైన ఏం జరిగింది

ఇది బాబాయి, క్లీనరు విడివిడిగా చెప్పింది కలిపి రాసింది.

రాంబన్‌లో వాన. ఆ ఊరు సముద్రమట్టానికి 1150 మీటర్ల ఎత్తు ఉంటుంది. అక్కడి నుంచి బనిహాల్ దాకా ముప్పై ఆరు కిలోమీటర్లలో ఇంకో అయిదు వందల మీటర్లు పైకి ఎక్కాలి. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. వాన పడితే పై నుంచి రాళ్ళు దొర్లే చోట్లు ఆ దారిలో ఎన్నో. రామ్‌సూ వచ్చేసరికి వాన చినుకులు అద్దం మీద జారడం మానేసి అతుక్కోవడం మొదలెట్టాయి. ఇంకొంచెం పైకెళ్ళాక రోడ్డు తెల్లబడింది.

పదకొండు గంటలకి, ఒక ఎత్తులో, ముందు పోతున్న కారు ఆగింది. బాబాయి దానికి దగ్గరగా ఉన్నాడు. పొగమంచులో మనవాళ్ళ అలవాటే అది, ముందు బండి ఎర్ర లైటు పట్టుకుని పోవడం. తనూ బ్రేకు వేసి ఆగాడు. కారు మళ్ళీ కదిలింది. లారీ కదల్లేదు. వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. ఇంకాస్త ఆక్సిలరేటర్ తొక్కాడు. చక్రం కింద మంచు వేడికి కరిగి అద్దంలా అయింది. వెనక భాగం మెల్లగా కొండ వైపు జారి కాలవలో పడింది. లోయ వైపు జారలేదు, అదృష్టం. మూతి రోడ్డు మధ్యకి వచ్చింది.

అక్కడికి సగం రోడ్డు ఇంకా ఖాళీగానే ఉంది. బనిహాల్ వైపు నుంచి మంచు తోసే బండి వచ్చి, ఇసుక చల్లి, లాగి ఉంటే గంటలో అయిపోయేది. కానీ వెనక ఉన్న కార్లు ఆగలేదు. ఒకటి పక్కనుంచి దూరింది, దాని వెనక ఇంకోటి, పది నిమిషాల్లో ఎదురు వరస మొత్తం నిండిపోయింది. పైనుంచి దిగుతున్నవాళ్ళూ అదే చేశారు. ఇక మంచు తోసే బండి రావడానికి దారేదీ?

మన వాళ్ళకి దీన్ని అర్థం చేయించడం చాలా తేలిక. రైల్వే గేటు పడినప్పుడు చూడండి. రైలు పోయేది రెండు నిమిషాల్లో. అటు రెండు వరసలు, ఇటు రెండు వరసలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. గేటు లేచాక ఎవడూ కదలడు, అరగంట హారన్లు. అక్కడ రోడ్డుని మూసింది రైలు కాదు. బనిహాల్ ఎత్తులోనూ రోడ్డుని మూసింది మంచు కాదు, రెండో వరస. తేడా ఒక్కటే. మన గేటు దగ్గర ఆలస్యమైతే పెళ్ళి భోజనం చల్లారుతుంది. అక్కడ ఆలస్యమయ్యే ప్రతి గంటకీ ఇంకో రెండంగుళాలు పడుతుంది.

31 గంటలు. మర్నాడు సాయంత్రం ఆరింటికి కదిలారు.

ఆ రాత్రి సంగతి ఒకటి చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. చలికి తట్టుకోలేక క్లీనరు క్యాబిన్‌లో స్టవ్ వెలిగించాడు, అద్దాలన్నీ ఎత్తి. అన్నం వండుకున్నాక కూడా ఆపలేదు. కాసేపటికి బాబాయికి తలనొప్పి, కడుపులో తిప్పడం. ఆకలి వల్ల అనుకున్నాడు. బీడీ కాల్చుకోవడానికి తలుపు తీసి దిగబోతే కాళ్ళు తేలిపోయాయట. ఆ బీడీయే ఇద్దరినీ కాపాడింది. మూసిన క్యాబిన్‌లో స్టవ్ గానీ, బొగ్గుల కుంపటి గానీ పెడితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనిషి పోతాడు. ఇంజను ఆన్‌లో ఉంచి పడుకున్నా అదే ముప్పు: పొగగొట్టం చుట్టూ మంచు పేరుకుంటే పొగ బయటికి పోలేక కింద నుంచి క్యాబిన్‌లోకి వస్తుంది. గంటకోసారి దిగి గొట్టం దగ్గర మంచు తవ్వాలి, లోయ వైపు అద్దం రెండు వేళ్ళ సందు తీసి ఉంచాలి.

పక్క ఊరివాళ్ళు ఉప్పు చాయ్, రొట్టెలు తెచ్చి వరసలో ఉన్న అన్ని బండ్లకీ పంచారు. డబ్బు తీసుకోలేదు. "మనూళ్ళో వరదొచ్చినప్పుడు పులిహోర పొట్లాలు పంచినట్టేనండి" అన్నాడు బాబాయి.

దారి తెరుచుకున్నాక ఇంకో రెండు గంటలు మా బండి వల్లే ఆలస్యం. రాత్రంతా హ్యాండ్‌బ్రేకు వేసి ఉంచారు. చక్రాల బ్రేకు డ్రమ్ముల్లో ఉన్న తడి గడ్డకట్టి, లోపలి లైనర్లు డ్రమ్ములకి అతుక్కుపోయాయి. గాలి ఉంది, బ్రేకు వదిలింది, చక్రం మాత్రం తిరగదు. సుత్తితో డ్రమ్ముల మీద చుట్టూ కొట్టీ కొట్టీ విడదీశారు.

తప్పు ఎక్కడెక్కడ

మొదటిది నా ఫోను. దాని గురించి చెప్పేశాను.

రెండోది, మంచుని చూపుకి సంబంధించిన విషయంగా చూడడం. పొగమంచు కళ్ళు మూస్తుంది గానీ టైరు పట్టు పెద్దగా పోదు. కాబట్టి వేగం తగ్గించి, చూపు ఎంత దూరం ఆనుతుందో అంతలో ఆగగలిగేట్టు పోతే చాలు. కొండ మీద పడే మంచు కాళ్ళ కింద నేల లాగేస్తుంది. లెక్క చూడండి. 30 కిలోమీటర్ల వేగంలో, పొడి తారు మీద బ్రేకు తొక్కాక ఆరేడు మీటర్లలో ఆగే బండి, బండ్లు తొక్కి గట్టిపడిన మంచు మీద 18 మీటర్లు పోతుంది. గడ్డ మీద అయితే 35 మీటర్లు. ఇది సమతలం మీద, బ్రేకు మీద కాలు పడ్డాక మాత్రమే. దిగుడైతే ఇంకా పెరుగుతుంది. గడ్డ బాగా చల్లగా ఉన్నప్పటి కన్నా సున్నా డిగ్రీల దగ్గర, పైన పల్చగా నీళ్ళు తేలినప్పుడు ఎక్కువ జారుతుంది. మధ్యాహ్నం ఎండ వచ్చింది కదా అని సంతోషపడితే, కరిగిన నీళ్ళు రాత్రికి తారు రంగులోనే గడ్డకడతాయి. కంటికి తడి రోడ్డులా ఉంటుంది. నేను చెప్పిన 'తొమ్మిదింటికి విడిపోద్ది'కి అక్కడ పూర్తి వ్యతిరేకం జరుగుతుంది.

'మెల్లగా' అన్న మాటా సగమే సరైంది. దిగుడులో మెల్లగా, నిజమే. ఎత్తులో మాత్రం మెల్లగా అయినా ఆగకుండా పోవాలి. ముందు బండి ఎత్తు మొత్తం ఎక్కేదాకా కిందే ఆగి, అది పైకి చేరాక, రెండో గేరులో బయల్దేరి, మధ్యలో గేరు మార్చకుండా, ఒకే ఊపులో ఎక్కాలి. మా బాబాయి చేసింది మన వంతెన మీద చెయ్యాల్సిన పని.

మూడోది, ఖాళీ బండి. ఇది చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. బరువు లేదు కాబట్టి తేలిగ్గా ఎక్కుతుందనుకుంటారు. ఇంజను బలం వెళ్ళేది వెనక యాక్సిల్‌కి. దాని మీద బరువు లేకపోతే టైరు నేలని పట్టుకోలేదు. లిఫ్ట్ యాక్సిల్ ఎత్తి ఉంచడం వల్ల కొంత బరువు ఆ చక్రాల మీదకి వచ్చింది గానీ అది చాల్లేదు. ఖాళీ బండికి దిగుడులో ఎగ్జాస్ట్ బ్రేకూ (ఇంజను పొగ దారి మూసి వేగం తగ్గించేది) ప్రమాదమే. అది వెనక చక్రాలనే పట్టి ఉంచుతుంది, గడ్డ మీద అయితే వెనక భాగం ముందుకొచ్చేస్తుంది.

నాలుగోది మన డెల్టా బుద్ధి. రావులపాలెం దగ్గర సంక్రాంతి ముందు హైదరాబాద్ కార్లు కిలోమీటర్ల కొద్దీ నిలబడితే మనకేం బెంగ లేదు. చించినాడ మీదుగా పోతాం, లేదంటే యానాం–ఎదుర్లంక మీదుగా పోతాం, కాదంటే కాలవ గట్టు పట్టుకుంటాం. (పొగమంచులో కాలవ గట్టు పట్టుకోవడం మీద నాకు వేరే గొడవ ఉంది, అది ఇంకోసారి.) దారి మార్చడం మనకి అలవాటు. అక్కడ శీతాకాలంలో మార్చుకోవడానికి ఇంకో దారి లేదు. షోపియాన్ వైపు మొఘల్ రోడ్డు ఉంది గానీ పీర్ కీ గలీ 3400 మీటర్ల పైన ఉంటుంది, చలికాలం మూసేస్తారు. దారి ఒక్కటే అయినప్పుడు మార్చుకోగలిగింది బయల్దేరే సమయం ఒక్కటే. అక్కడి ట్రాఫిక్ పోలీసులు చేసేదీ అదే. రేపు ఏ బండ్లు ఏ వైపు, ఎన్నింటి లోపల వదులుతారో ముందురోజు సాయంత్రమే ప్రకటిస్తారు. పెద్ద లారీలని చాలాసార్లు ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి మాత్రమే వదులుతారు. ఉధంపూర్ దగ్గర జఖానీలో, అటువైపు ఖాజీగుండ్‌లో ఆపేస్తారు. మా వాడు జఖానీ ముందురోజే దాటేశాడు. ఆ సాయంత్రం వచ్చిన ప్రకటన రావులపాలెంలో కూర్చుని ఫోనులో చదవొచ్చు. నేను చదవలేదు.

వాతావరణం కూడా అంతే. అక్టోబర్, నవంబర్‌లలో మేం ఆఫీసులో రోజుకి రెండుసార్లు బంగాళాఖాతం చూస్తాం, వాయుగుండం ఎక్కడుంది, కాకినాడ వైపా, మచిలీపట్నం వైపా అని. మనకి గండం తూర్పు నుంచి వస్తుంది కాబట్టి కళ్ళు అటే ఉంటాయి. కశ్మీర్‌కి చలికాలంలో గండం వచ్చేది పడమటి నుంచి, మధ్యధరా సముద్రం వైపు నుంచి. దాన్ని వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. మన తుపానులాగే దాన్నీ రెండు మూడు రోజుల ముందే చెబుతారు. ఆ వారం కూడా చెప్పారు.

నీళ్ళు, డీజిలు, గాలి

బండి తిరిగి వచ్చాక మా మెకానిక్‌తో కూర్చుని విప్పి చూస్తే, ఇంకా పెద్ద దెబ్బలు తప్పిపోయాయని అర్థమైంది.

రేడియేటర్‌లో కూలెంట్ తగ్గినప్పుడల్లా మనవాళ్ళు బోరు నీళ్ళు పోస్తారు. మన ఎండలకి నడిచిపోతుంది. సున్నా కిందకి పోతే ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి ఇంజను బ్లాకునే పగలగొట్టగలవు. ఆ రాత్రి మధ్యమధ్య ఇంజను తిప్పుతూ ఉండబట్టి బతికిపోయింది. కూలెంట్, నీళ్ళు సగం సగం ఉంటే మైనస్ 35 దాకా భయం లేదు.

డీజిలు సంగతి కొబ్బరి పండించేవాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. పుష్య మాసంలో కొబ్బరినూనె సీసాలోనే తెల్లగా పేరుకుంటుంది కదా, దానికి 24 డిగ్రీలు చాలు. డీజిల్లో ఉండే మైనమూ అలాగే పేరుకుంటుంది, ఇంకా కింది డిగ్రీల దగ్గర. ముందు ఫిల్టరు మూసుకుపోతుంది. మన చమురు కంపెనీలు అమ్మే డీజిలుకి ఎండాకాలం ఒక కొలత, చలికాలం ఒక కొలత ఉన్నాయి. లదాఖ్ లాంటి చోట్ల కోసం మైనస్ 33 దాకా పారే డీజిలు 2019లో వచ్చింది. మా వాడు పంజాబ్‌లో ట్యాంకు నింపుకున్నాడు గనక సరిపోయింది. కిందనుంచి తీసుకెళ్ళిన డీజిలు ట్యాంకులో ఉంచుకుని ఎక్కవద్దు, పైకి పోయే ముందు అక్కడి బంకులోనే నింపుకోవాలి. బీఎస్–6 బండి అయితే పొగ శుభ్రపడడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, అదీ గుర్తుంచుకోవాలి.

లారీ బ్రేకులు పనిచేసేది గాలితో. ఆ గాలి ట్యాంకుల్లో నీళ్ళు చూసి మెకానిక్ తల పట్టుకున్నాడు. మన గాలే తడి గాలి. కంప్రెసర్ లాగిన గాలిలో తేమ ట్యాంకు అడుగున చేరుతుంది. ఇక్కడ నెలకోసారి వదిలినా పరవాలేదన్నట్టు ఉంటాం. చలిలో ఆ నీళ్ళు గొట్టాల్లో గడ్డకడితే బ్రేకు పట్టదు. పట్టినా వదలదు. కొండెక్కే రోజుల్లో ప్రతి సాయంత్రం వదలాలి. బండి ఆపే ముందు కొంత దూరం బ్రేకు తేలిగ్గా తొక్కి పట్టి డ్రమ్ములు వేడెక్కించి ఆరబెట్టాలి. సమతలం దొరికితే హ్యాండ్‌బ్రేకు వెయ్యకుండా గేరులో ఉంచి చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టాలి.

గొలుసులు

టైరు గొలుసులు మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. పఠాన్‌కోట్ నుంచి ఒక జత తెప్పించి, ఏప్రిల్ నెల ఎండలో, మా యార్డులో తొడగడం నేర్పించాను. టీ కొట్టు దగ్గర వాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. "ఏం గురూ, గోదారి గడ్డకట్టుద్దంటావా?" అని ఒకడు. నవ్వుకోనీ అన్నాను.

వాటి అవసరం ఏమిటో డ్రైవర్లకి అరగంట చెప్పాను, ఎవరికీ ఎక్కలేదు. చివరికి బాబాయే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "దమ్ము చక్రాలు రా." నాట్లకి ముందు చేను దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకి ఇనప చక్రాలు వేస్తాం కదా, రబ్బరు టైరు బురదలో ఉన్నచోటే తిరుగుతుంది, ఇనప పట్టీ బురదని కోసి పట్టుకుంటుంది. గొలుసు పనీ అదే. ఆ చక్రాలతో తారు రోడ్డెక్కితే రోడ్డూ పోతుంది, ట్రాక్టరూ ఊగిపోతుంది. అందుకే గట్టు దిగాక తొడిగి, గట్టెక్కే ముందు విప్పుతారు. గొలుసూ అంతే. తెల్ల రోడ్డు మొదలయ్యే ముందు, ఎత్తు మొదలయ్యే ముందు, సమతలం మీద తొడగాలి. ఇరుక్కున్నాక తొడుగుదాం అంటే కుదరదు, కాలవలో ఒరిగిన బండి కింద ఎవడు దూరతాడు? ఇంజను తిప్పే చక్రాలకే వెయ్యాలి. వేశాక 30 దాటొద్దు. నల్ల తారు కనపడగానే విప్పాలి, లేకపోతే తెగి మడ్‌గార్డు చీల్చుకుపోతుంది.

గొలుసులతో పాటు ఇప్పుడు బండిలో పెడుతున్నవి: గోదావరి ఇసుక రెండు బస్తాలు, ఒక పార, రెండు రగ్గులు, నీళ్ళు, అటుకులు, బెల్లం. ఇసుక బస్తాలు ఖాళీ బండికి వెనక యాక్సిల్ మీద పడేస్తాం, బరువుకి బరువు, చక్రం కింద చల్లడానికి ఇసుక. రెండు బస్తాల బరువు ఏ మూలకి అని మెకానిక్ నవ్వుతాడు. నిజమే, చల్లడానికే అవి. గొలుసులతో ఇంకో చిక్కు ఉంది. మన గాలికి ఇనుము నెలలో తుప్పు పడుతుంది. గ్రీజు పూసి గోనెలో కట్టి పెట్టినా, ఏటా ఒకటి రెండు లింకులు మార్చాల్సి వస్తోంది.

ఫోనులో ఇప్పుడు అడిగేవి

మంచు అన్న మాట మా ఆఫీసు ఫోనులో చెల్లదు. డ్రైవరు ఆ మాట అన్నా నేను వినను. కిటికీ తీసి చెయ్యి చాపమంటాను, చేతి మీద ఏం పడింది అని. ఏమీ పడకపోతే అది పొగమంచు. తెల్లగా పడి కరిగితే అది వేరే సంగతి. రోడ్డు ఏ రంగులో ఉంది అని రెండోది. నల్లగా, మెరుస్తూ, ముందు బండి టైర్ల నుంచి నీళ్ళు చిమ్మకుండా ఉంటే అది తడి కాదు, గడ్డ.

మూడో ప్రశ్న అన్నిటికన్నా పనికొచ్చింది. దాన్ని మాకు నేర్పింది ఆ రోజు ఫోను ఇచ్చిన పంజాబీ డ్రైవరే. వాడు దాబా దగ్గరే ఆగిపోయాడు, మర్నాడు సాయంత్రం హాయిగా దాటాడు. బాబాయి అడిగితే చెప్పాడట: ఎదురు బండ్లు వస్తున్నాయా చూడు. పది నిమిషాలు ఒక్క బండీ ఎదురు రాలేదంటే పైన దారి మూసుకుంది, నీకు ఇంకా ఎవరూ చెప్పలేదంతే. వస్తే వాటి కప్పుల మీద చూడు, ఎంత మందాన తెల్లగా ఉందో పైన అంత పడింది. దీనికి ఫోనూ అక్కర్లేదు, సిమ్మూ అక్కర్లేదు.

పోస్ట్‌పెయిడ్ సిమ్ ఒకటి కొని జమ్ము వెళ్ళే బండితోనే పంపుతున్నాం.

అసలు కష్టం డబ్బు దగ్గర వచ్చింది. డ్రైవరు ఎందుకు పోతాడు? ఆగితే రోజు బత్తా తప్ప ఏమీ రాదు, లోడు వేరేవాడికి పోతే యజమాని ముఖం చూడాలి. కాబట్టి కొండ రోడ్డు మీద డ్రైవరు తనంతట తాను ఆగితే, ఎందుకు ఆగావని అడగకుండా, రోజుకింత హాల్టింగ్ ఇవ్వాలని మా యజమానితో వాదించాను. ఊరికే పడుకుంటారు అన్నాడాయన. ఆ నాలుగు రోజుల్లో పోయిన కిరాయి, లాగుడు క్రేను డబ్బు, లైనర్ల ఖర్చు కాగితం మీద వేసి ముందు పెట్టాను. రెండు రోజులకి ఒప్పుకున్నాడు, మూడో రోజు నుంచి సగం. బ్రోకర్లు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆపిల్ బ్రోకరుని అడిగితే వేరే లారీ చూసుకుంటానంటాడు, చూసుకుంటున్నాడు కూడా. రెండు లోడ్లు ఆ విధంగా వదులుకున్నాం.

మొన్న జనవరిలో మళ్ళీ బాబాయే వెళ్ళాడు. జఖానీ నుంచి ఫోను, ఈసారి సొంత ఫోనులోనే.

"చెయ్యి సాపేనండి, వానే. రోడ్డు నల్లగానే ఉందండి. ఎదురు బళ్ళు పావుగంట నుంచీ ఒక్కటీ రాలేదండి."

"మరేం చేస్తావ్?"

"చేసేదేముందండి, బండి పక్కనెట్టేశాను. అన్నం వండుతున్నాడు మనోడు, బయటేనండి, బయటే. హాల్టింగు ఇయ్యాల్టి నుంచి రాసుకోండి మరి."

రాసుకున్నాను.